పొలిమేర రాయి

ఒక ఊళ్ళో కాపురం పెట్టాలంటే అక్కడ ఏమేం ఉండాలో సుమతీ శతకకారుడు ఏనాడో జాబితా వేసి పెట్టాడు. అవసరానికి అప్పు పుట్టే ఇల్లు, వైద్యుడు, ఏడాది పొడుగునా నీళ్ళుండే ఏరు, పురోహితుడు. ఈ నాలుగూ ఉన్న ఊళ్ళో ఉండమన్నాడు. లేని ఊరి ఛాయలకు పోవద్దన్నాడు. చిన్నప్పుడు మా మేష్టారు బెత్తం చేత పట్టుకుని వల్లె వేయించిన పద్యం కనుక, ఏ క్రొత్త ఊరు వెళ్ళినా నాకు ముందు ఆ జాబితాయే గుర్తుకొస్తుంది. మా రోజుల్లో దానికి బస్సు, పోస్టాఫీసు, కరెంటు చేర్చుకున్నాం. ఇప్పటి పిల్లలు ఊరి పేరు చెప్పగానే ఫోను పనిచేస్తుందా లేదా అని అడుగుతున్నారు.

2019 ఆగస్టు నెలాఖరున ఈ జాబితా మనసులో పెట్టుకునే ఇంగ్లండులో ఒక పల్లెటూరు చూడబోయాను. మా అక్క కూతురు షెఫీల్డు పట్టణంలో నర్సుగా పనిచేస్తోంది. దాని దగ్గర నెలరోజులు ఉన్నాను. లండను చూశాను, గడియారం చూశాను, వంతెన చూశాను. "పిన్నీ, ఇవన్నీ అందరూ చూసేవే. ఇక్కడికి పన్నెండు మైళ్ళలో ఒక ఊరుంది. అది చూపిస్తాను రా" అని ఒక సెలవునాడు బస్సెక్కించింది. ఊరిపేరు ఇంగ్లీషు అక్షరాలు చూసి నేను "ఏయాం" అని చదివాను. ప్రక్క సీటులోని పెద్దాయన నవ్వి, "ఈమ్" అని దిద్దాడు. అంత పొట్టి పేరు అన్ని అక్షరాలతో ఎందుకు వ్రాస్తారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

డెర్బీషైర్ జిల్లాలోని కొండల మధ్య ఉన్న ఊరది. ఆ కొండప్రాంతాన్నంతా 1951లో జాతీయ వనంగా ప్రకటించారు. బ్రిటన్‌లో అటువంటివాటిలో అదే మొదటిది. ఎటు చూసినా పచ్చిక, పచ్చికలో గొర్రెలు, పొలానికీ పొలానికీ మధ్య సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు. ఊరంతా కొండవాలున పొడుగ్గా సాగిన ఒకటే వీధి. ఇళ్ళన్నీ బూడిదరంగు రాతివి. జనం వెయ్యిమందికి మించరు. 1086లో విలియం రాజు చేయించిన గ్రామాల లెక్కలో ఈ ఊరి పేరున్నది. చర్చి ఆవరణలో నిలబెట్టి ఉన్న రాతి శిలువ అంతకంటే కూడా పాతది. భూమిలో సీసం ఉన్నందువల్ల గనులు త్రవ్వుకుని, కొండమీద గొర్రెలు మేపుకుని తరతరాలుగా బ్రతికిన వాళ్ళు.

నేను నా జాబితా తీశాను. పురోహితుడి సంగతి చర్చి చూడగానే తేలింది. దాని గోడమీద 1775 నాటి ఎండ గడియారం ఒకటుంది. ఆ ఊరి వేళే కాక, దూరదేశాల్లో అప్పుడు ఎంతయిందో కూడా అది చెబుతుంది. గొర్రెలు కాచుకునేవాళ్ళకు దూరదేశాల వేళ దేనికో! బడి ఉంది. టీ దుకాణం ఉంది. గనిపనివాళ్ళ పేరు పెట్టుకున్న పాత పబ్బు ఉంది. పబ్బు అనగానే మన సారా కొట్టు ఊహించుకోకండి. మన రచ్చబండనూ, కాఫీ హోటలునూ ఒకే కప్పు క్రింద కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ముసలమ్మలు కూడా వచ్చి కూర్చుని భోంచేసి వెళతారు. పనివాళ్ళు సాయంత్రాలు చదువుకునేందుకు 1859లో కట్టిన హాలు ఒకటుంది. ఊరి చరిత్ర చెప్పే చిన్న మ్యూజియం 1994లో పెట్టారు. జీతాలు పుచ్చుకోకుండా ఊరివాళ్ళే వంతులవారీగా దాన్ని నడుపుతారు. ఆ భవనం పైన గాలివాటం చూపే రేకు మీద ఏం బొమ్మ ఉందనుకున్నారు? కోడిపుంజు కాదు, ఎలుక! అది ఎందుకో అప్పటికి నాకు తెలియదు.

ఇక నీళ్ళు. ఈ విషయంలో మాత్రం ఆ ఊరు నన్ను ఆశ్చర్యపరిచింది. వీధి ప్రక్కన అక్కడక్కడా నాచు పట్టిన పాత రాతి తొట్లు కనిపించాయి. 1588లోనే కొండ ఊటల నీటిని ఊళ్ళోకి తెచ్చి, పన్నెండు చోట్ల ఇటువంటి తొట్లు కట్టి అందరికీ అందించారట. మన హైదరాబాదుకు 1591లో పునాది పడింది. అంతకు మూడేళ్ళ ముందే ఈ మారుమూల పల్లెలో వీధి వీధికీ నీళ్ళు వచ్చాయన్నమాట! ఆ దేశంలో ఊరందరికీ కలిపి నీటి సరఫరా ఏర్పడ్డ మొదటి గ్రామాల్లో ఇదొకటని అక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఆగస్టు చివరి వారంలో ఆ నీటికి కృతజ్ఞతగా పూలపండుగ చేస్తారు. పెద్ద పలకలకు తడి బంకమన్ను మెత్తి, పూల రేకులు, ఆకులు, గింజలు అందులో గుచ్చి బొమ్మలు తీర్చి బావుల దగ్గర నిలబెడతారు. సంక్రాంతి ముగ్గుల్లో పూలరేకులు సర్దే మన ఆడపిల్లల ఓపిక ఆ బొమ్మల్లో కనిపించింది నాకు.

"బాగుందే. నీరుంది, పురోహితుడున్నాడు. వైద్యుడూ, అప్పిచ్చేవాడూ?" అన్నాను.

"ఆ రెండూ లేనప్పుడు ఈ ఊరికి ఏమయిందో చూపిస్తాను రా పిన్నీ" అంది మా పిల్ల.

చర్చి ప్రక్కనే కొన్ని ఇళ్ళున్నాయి. ముందు గులాబీ తీగలు, కిటికీలకు తెరలు, ఇప్పటికీ కాపురాలున్న ఇళ్ళే. కాని ఒక్కొక్క గుమ్మం ముందూ ఒక్కొక్క పలక. ఆ పలకమీద ఆ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు, తేదీలు. మొదటి ఇంటి పలక చదివాను. 1665లో ఆ ఇంట్లో మేరీ అనే ఆవిడ, ఆవిడ ఇద్దరు కొడుకులు, దర్జీపని చేసే రెండో భర్త, అతని దగ్గర పనిచేసే జార్జి వికర్స్ ఉండేవారు. ఆ ఏడు లండనులో ప్లేగు మహమ్మారి చెలరేగుతున్నది. అక్కడినుంచి దర్జీకి బట్టల మూట వచ్చింది. దారిలో చెమ్మగిల్లిన ఆ బట్టలను వికర్సు విప్పి నెగడు దగ్గర ఆరవేశాడు. కొద్దిరోజుల్లో జబ్బుపడి పోయాడు. సెప్టెంబరు 7న అతన్ని పాతిపెట్టారు. తరువాత ఆ ఇంట్లో పిల్లలు, ఆపైన ప్రక్క ఇల్లు, ఎదుటి ఇల్లు. మేరీ ఒక్కతే మిగిలింది. చుట్టాల్లో పదముగ్గుర్ని పోగొట్టుకుంది.

చలికాలంలో జబ్బు కాస్త తగ్గినట్లే తగ్గి, 1666 జూనులో మళ్ళీ విజృంభించింది. జనం మూటలు కట్టుకుని బయలుదేరబోయారు. అప్పుడు ఆ ఊరి పాదిరీ విలియం మోంపెసన్, ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రవాడు, వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. అతని మాట ఊరు పెద్దగా లక్ష్యపెట్టేది కాదు. ఊరికి ఇష్టమైనవాడు అతనికి ముందున్న పాదిరీ థామస్ స్టాన్లీ. మతవిషయాల్లో ప్రభుత్వంతో పేచీ పడి ఆయన పదవి పోగొట్టుకున్నాడు. ఇద్దరికీ సిద్ధాంతాల్లో చుక్కెదురు. అటువంటివాళ్ళు ఇద్దరూ కలిసి కూర్చుని మాట్లాడుకున్నారు. కలిసే ఊరివాళ్ళకు చెప్పారు. మూడు కట్టుబాట్లు చేశారు. ఎవరి ఇంటి శవాన్ని వాళ్ళే తమ దొడ్లోనో, పొలంలోనో పూడ్చుకోవాలి. ప్రార్థనలు చర్చిలో కాక బయట లోయలో, కుటుంబానికీ కుటుంబానికీ ఎడంగా నిలబడి చేసుకోవాలి. మూడోది అన్నిటికంటే కష్టమైనది. జబ్బు తగ్గేదాకా ఎవరూ పొలిమేర దాటకూడదు.

ఎందుకని? తాము బ్రతకడానికి కాదు. పారిపోతే తాము బ్రతికినా బ్రతకవచ్చు. జబ్బు తమ వెంట ప్రక్క ఊళ్ళకు పాకకుండా ఉండడానికి.

మరి తిండి? చాట్స్‌వర్తు కోటలో ఉండే డెవన్‌షైర్ ప్రభువు ధాన్యం, మందులు పంపుతానన్నాడు. చుట్టుప్రక్కల ఊళ్ళవాళ్ళు రొట్టెలు, సరుకులు తెచ్చి పొలిమేరలో పెట్టి వెళ్ళేవారు. ఆ చోటు చూడడానికి మేము కాలిబాట వెంట పొలాల్లోంచి నడిచాము. ఊరు దాటి స్టోనీ మిడిల్టన్ అనే ప్రక్క ఊరి వైపు దిగుతుండగా గడ్డిలో ఒక పెద్ద రాయి ఉంది. దానిమీద ఆరు గుంటలు. ఈమ్ వాళ్ళు ఆ గుంటల్లో వెనిగర్ పోసి, డబ్బులు అందులో వేసి వెళ్ళేవారు. డబ్బు వెంట జబ్బు రాకూడదని ఆ పులుపులో నానబెట్టడమన్నమాట. వాళ్ళు వెళ్ళాక అవతలివాళ్ళు వచ్చి డబ్బు తీసుకుని సరుకు పెట్టేవారు.

"చిల్లర ఊరగాయ పెట్టారే!" అన్నాను నేను. ఇద్దరం పగలబడి నవ్వాము. గుంటల అంచులు ఎందరో చేతులు పెట్టి పెట్టి నున్నబడి ఉన్నాయి. నేనూ వేలు పెట్టి చూశాను. వాననీళ్ళు చల్లగా తగిలాయి.

నవ్విన నోటితోనే ఆ తరువాత చూసింది చెప్పాలి. ఊరికి మరొకవైపు కొండ మీద పొలం మధ్య గుండ్రటి రాతి గోడ, దానిలో కొన్ని సమాధులున్నాయి. అక్కడ కాపురమున్న ఎలిజబెత్ హాంకాక్ అనే ఇల్లాలు 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనూ, ఆరుగురు పిల్లలనూ పోగొట్టుకుని, తన చేతులతోనే పూడ్చిపెట్టింది. కట్టుబాటు ప్రకారం సాయానికి మరొకరు రారు. ఆ నెలలోనే, 25వ తేదీన, పాదిరీ భార్య కాథరిన్ కూడా పోయింది. ఆవిడకు ఇరవై ఏడేళ్ళు. ఆవిడ సమాధి చర్చి ఆవరణలో ఉంది. నవంబరు మొదటికి చావులు ఆగాయి. పద్నాలుగు నెలల్లో పోయినవాళ్ళు 260 మంది. ఊరి జనం అప్పట్లో 350 మందేనని పూర్వం వ్రాసేవారు. ఏడువందల పైచిలుకు ఉండి ఉంటారని తరువాత లెక్కకట్టారు. ఏ లెక్క తీసుకున్నా ప్రతి ముగ్గురిలో కనీసం ఒకరు పోయినట్టు. చుట్టుప్రక్కల ఊళ్ళు మాత్రం బయటపడ్డాయి. నేటికీ ఆగస్టు చివరి ఆదివారం ఆ లోయలోకి నడిచివెళ్ళి వాళ్ళను తలుచుకుంటారు.

అసలు ఆ జబ్బు ఎలా వస్తుందో ఆనాడు ఎవరికీ తెలియదు. ప్లేగు క్రిమిని 1894లో యెర్సిన్ హాంకాంగులో కనిపెట్టాడు. ఎలుకల ఒంటిమీద బ్రతికే గెంతుపురుగులు దాన్ని మోసుకొస్తాయని 1898లో సిమోండ్ అనే ఫ్రెంచి డాక్టరు చూపించాడు. ఆ పరిశోధన జరిగింది అవిభక్త భారతదేశంలోని కరాచీలో. మ్యూజియం మీద ఎలుక బొమ్మకు అర్థం అప్పుడు తెలిసింది నాకు. అయితే 2016లో వచ్చిన ఒక పరిశోధన ఈ ఊరి చావుల తేదీలన్నీ కూర్చి చూసి, నాలుగింట మూడు వంతులు మనిషినుంచి మనిషికే అంటుకుని ఉంటుందని తేల్చింది. అంటే పొలిమేర మూయడం వట్టి మూఢనమ్మకం కాదు. కాని ఆ మూసిన పొలిమేర లోపల, మూయకపోతే బ్రతికేవాళ్ళు కొందరు చచ్చిపోయి ఉంటారు.

ఇంకొక సంగతి కూడా అక్కడే తెలిసింది. ఊళ్ళో కలిగినవాళ్ళు కొందరు కట్టుబాటుకు ముందే వెళ్ళిపోయారు. వెళ్ళడానికి మరో ఇల్లంటూ లేని పేదవాళ్ళే ఎక్కువగా మిగిలారు. పాదిరీ కూడా తన పిల్లలిద్దర్నీ ముందుగానే దూరం పంపేశాడు.

నాకు కోపం వచ్చింది. "తన పిల్లల్ని దాటించేసి, హాంకాక్ పిల్లల్ని ఉండమన్నాడా! ఇదేం న్యాయమే?"

మా పిల్ల తాపీగా, "నువ్వయితే ఉంచుకునేదానివా పిన్నీ?" అంది.

నేను జవాబు చెప్పలేదు. బస్సు వచ్చిందాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. భార్యను కూడా వెళ్ళమన్నాడట, ఆవిడే వెళ్ళలేదట. తరువాత అతను ఈక్రింగ్ అనే మరో ఊరికి బదిలీ అయితే, ప్లేగు ఊరినుంచి వచ్చాడని అక్కడివాళ్ళు హడలిపోయి, కొన్నాళ్ళు అతన్ని ఊరిబయట పాకలో ఉంచారని చెబుతారు. ప్రక్క ఊళ్ళను కాపాడినవాడికి ప్రక్క ఊరు చేసిన మర్యాద!

ఇదంతా చూసివచ్చి ఆర్నెల్లు తిరిగిందో లేదో, 2020 మార్చి వచ్చింది. దేశమంతా తలుపులు మూసుకున్నాం. నెలాఖరున మా అన్నయ్య ఊరినుంచి ఫోను చేసి, "రోడ్డుకు అడ్డంగా ముళ్ళకంప కొట్టేశాం. ఒక్కణ్ణి రానిస్తే ఒట్టు" అన్నాడు. ఆంధ్రలో, తెలంగాణలో ఎన్ని ఊళ్ళలో ఆ కంపలు లేచాయో మీకూ తెలుసు. పట్నాలనుంచి నడిచివచ్చిన సొంత ఊరి పిల్లలే కంప అవతల నిలబడవలసి వచ్చింది. అన్నయ్యను తప్పుపట్టలేను, ఊరి భయం ఊరిది. కాని నాకు ఈమ్ జ్ఞాపకం వచ్చింది. వాళ్ళ కట్టుబాటు తాము బయటికి పోకుండా, మా కట్టుబాటు ఎవరూ లోపలికి రాకుండా. కంప ఒకటే, ముళ్ళు ఎటు తిరిగి ఉన్నాయన్నదే తేడా.

అన్నయ్య సంగతి దేనికి, నా సంగతి చెబుతాను. పాలపాకెట్లు సబ్బుతో కడిగాను. కూరలవాడిచ్చిన నోట్లను ఇస్త్రీపెట్టెతో రుద్దాను. చిల్లర డబ్బులు సబ్బునీళ్ళ గిన్నెలో వేస్తుంటే హఠాత్తుగా ఆ రాతి గుంటలు కళ్ళముందు కదిలాయి. ఊరగాయ అని నవ్విన నవ్వు గొంతులో అడ్డుపడింది.

జూలైలో మా ఎదుటి వాటాలో ఉన్న పంతులమ్మగారికి జబ్బు వచ్చింది. ఆవిడ ఒంటరి మనిషి. మా వాటాకూ ఆవిడ వాటాకూ మధ్య ఉన్నది ఆరడుగుల వరండా. తెలిసిన రోజు మా తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాను. రెండోరోజు ఆవిడ దగ్గు వినపడకుండా రేడియో పెంచాను. ఆ రెండు రోజులూ ఆవిడ ఏం తిన్నదో నేను అడగలేదు. ఇది మీకు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. పుస్తకంలో చదివిన కథ కాదు కదా, నడిచివెళ్ళి వేలుపెట్టి చూసి వచ్చిన రాయి! అది చూసి వచ్చినదాన్ని కూడా రెండురోజులు కదల్లేదు.

మూడోరోజు ప్రొద్దున్న చారన్నం, పెరుగన్నం క్యారియరులో సర్ది, మా పాత చెక్క స్టూలు వరండా మధ్య వేసి దానిమీద పెట్టి, ఫోను చేశాను. "అమ్మా, నేను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. మీరు తీసుకోండి." అవతల కాసేపు చప్పుడు లేదు. "రెండు రోజులనుంచి బిస్కెట్లతో వెళ్ళదీస్తున్నానండీ" అన్నది ఆ తల్లి. నిష్ఠూరంగా అన్నా బాగుండేది.

మరునాటినుంచి అది నియమమయింది. నేను పెట్టడం, తలుపు వేసుకోవడం, ఆవిడ తలుపు తెరుచుకోవడం. సాయంత్రానికి కడిగిన క్యారియరు స్టూలు మీద ఉండేది. మన ఇళ్ళలో ఇరుగుపొరుగు గిన్నె ఖాళీగా తిరిగి పంపం కదా, కాస్త పంచదారో, నాలుగు పచ్చిమిరపకాయలో వేసి పంపుతాం. "ఖాళీ గిన్నె పెడుతున్నాను, ఏమీ అనుకోకండి" అని ఆవిడ రోజూ నొచ్చుకునేది. నాకు మాత్రం ఆ గిన్నె ఖాళీగా ఉండడమే కావలసింది. అన్నం తిన్నదన్నమాట, రేపటికి మళ్ళీ పెట్టవచ్చునన్నమాట. 1666 వేసవిలో స్టోనీ మిడిల్టన్ ఇల్లాళ్ళు కూడా ఆ రాయి దగ్గరకు వస్తూ, నిన్న పెట్టిన రొట్టె ఉందా, తీసుకున్నారా అని ముందు దూరంనుంచే తొంగి చూసుకుని ఉంటారు.

శతకకారుడి జాబితాలో నాలుగూ మంచివే. అందులో వేటినీ కొట్టివేయను. కాని ఇప్పుడు ఎవరైనా ఫలానా ఊళ్ళో ఇల్లు తీసుకుంటున్నామంటే, నీళ్ళు, డాక్టరు, బస్సు అన్నీ అడిగాక, ఎదుటి వాటాలో ఎవరుంటారని కూడా అడుగుతున్నాను. ఆపైన, మరి వాళ్ళ ఎదుటి వాటాలో ఉండబోయేది మీరే గదా అని గుర్తుచేస్తున్నాను.

పంతులమ్మగారు కోలుకున్నారు. తలుపు తెరుచుకుని వచ్చిన మొదటిరోజు క్యారియరు నిండా బొబ్బట్లు పెట్టి ఇచ్చారు. ఆ స్టూలు మాత్రం నేను లోపలికి తీయలేదు. ఇప్పటికీ వరండాలోనే ఉంది.